ముక్తినాథ్‌లో అన్నం ఉడకదు

గిరిబాబు పన్నెండేళ్ళుగా టూరు బస్సుల్లో వండుతున్నాడు. అతను వండిన అన్నానికి ఇంతవరకూ ఎవరూ వంక పెట్టలేదు. బియ్యం మూట ఇంకా విప్పకముందే ఆ అన్నం ఉడకదని తేల్చేసిన మనిషి ఝాన్సీ ఒక్కతే.

అదీ ముఖపరిచయం అయిన మొదటి అయిదు నిమిషాల్లోనే.

అరసవల్లిలో ఒక లాడ్జీ మెట్ల కింద గిరిబాబు ఆఫీసు. ఆఫీసంటే ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు ఒక ఫ్లెక్సీ. పన్నెండేళ్ళు వాళ్ళ బస్సులోనూ వీళ్ళ బస్సులోనూ గరిటె తిప్పాక, మొదటిసారి తన పేరు మీద వేస్తున్న టూరు ఇది. కాఠ్మాండూ, పోఖరా, ముక్తినాథ్. పదకొండు రోజులు.

మన జిల్లాల నుంచి యాత్రకు వెళ్ళే బస్సు ఇంజన్ మీద సగం నడిస్తే, వంటవాడి మీద సగం నడుస్తుంది. ఆడవాళ్ళు దేశం దాటినా సరే హోటల్ కూడు ముట్టరు. అందుకని బియ్యం మూటలు, గుండిగలు, గ్యాసు పొయ్యి బస్సుతోనే వెళ్తాయి. రోడ్డు పక్కన ఆపిన గంటలో విస్తట్లో పొగలు కక్కే అన్నం పడాలి. పడకపోతే ఆ టూరు వాడి పేరు ఊళ్ళో ఎవరూ ఎత్తరు. ఎత్తినా మంచికి ఎత్తరు.

ముప్ఫై సీట్లకూ మనుషులు దొరికారు. అయితే ఆ ముప్ఫై మందీ లక్ష్మణమ్మ వెనక మనుషులు. ఆవిడ కదిలితే వీధి కదులుతుంది, ఆవిడ ఆగితే బస్సు ఆగుతుంది. ఆవిడేమో, మా మనవరాలు సరేనంటే నాను సరే అంది. మనవరాలు ఝాన్సీ ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచరు.

ఆ మనవరాలు ఒక వాన సాయంత్రం వచ్చింది. చేతిలో ఇటుకంత పుస్తకం, అట్టకు ప్లాస్టరు. విశాఖపట్నంలో పాత పుస్తకాల కొట్లో కొన్నదట. నేపాల్ ఎలా తిరగాలో ఎవరో తెల్లదొరలు రాసిన గైడ్. గొడుగు మడిచి బల్లకు ఆనించింది. ఆ నీళ్ళన్నీ గిరిబాబు వారం రోజులు కూర్చుని రాసుకున్న టూరు ప్లాన్ మీద కారాయి.

"ముక్తినాథ్ ఎత్తెంతో తెలుసా అండీ?"

"కొండన్నాక ఎత్తుంటాది కదండీ."

"పన్నెండు వేల అడుగుల పైమాట. అక్కడ మీ గుండిగలో అన్నం ఉడకదు."

గిరిబాబు ముందు తడిసిన కాగితాన్ని, తర్వాత ఆమెను చూశాడు. "నీలు మరిగితే బియ్యం ఉడుకుతాయండీ. ఏడో కలాసు సదివినోడికి కూడా తెలుసు అది."

"నీళ్ళు తొందరగానే మరిగిపోతాయి. ఆ వేడి బియ్యానికి చాలదు. బుక్కులో ఉంది."

ఆ 'బుక్కులో ఉంది' అన్న మాట ఆ తర్వాత పద్ధెనిమిది రోజులు అతని ప్రాణం తీసింది.

స్కూలు వదిలాక రోజూ వచ్చేది. రోజుకు ఒక పేజీ. శనివారం అక్కడ ఆఫీసులు మూసేస్తారట, మీ ప్లాన్‌లో శనివారమే పర్మిట్లు రాశారు అని కొట్టేసింది. బస టీ హౌసుల్లో అంటే గిరిబాబు ఒళ్ళు మండిపోయింది. పెద్దవాళ్ళని తీసుకెళ్ళి టీ కొట్టు బల్లల మీద పడుకోబెట్టమంటారా అని అడిగాడు. అక్కడ సత్రాలను అలాగే అంటారని ఆమె ఓపిగ్గా చెప్పింది. ఆ ఓపిక చూస్తే అతనికి ఇంకా మండింది. చదువుకున్నవాళ్ళ కోపాన్ని భరించవచ్చు, వాళ్ళ ఓపికను భరించలేం.

ఒక రోజు మాత్రం అతని పంట పండింది. పోఖరా నుంచి పైకి రోడ్డు లేదు, రోజుల తరబడి నడవాలి, మా మామ్మ నడవలేదు అని ఆమె పుస్తకం విప్పి చూపించింది. గిరిబాబు ఫోన్లో వీడియో పెట్టి ఆమె ముందుకు జరిపాడు. మంచు కొండల మధ్య దుమ్ము రేపుకుంటూ ఒక బస్సు ముక్తినాథ్ వైపు వెళ్తోంది. లోపల భజన.

ఝాన్సీ రెండుసార్లు చూసింది. పుస్తకం మొదటి పేజీ తిప్పి అచ్చేసిన సంవత్సరం చూసింది. ఇరవై ఏళ్ళు దాటిపోయింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"మీ దొరలు నడిసుంటారండీ. మన రోజుల్లో బస్సున్నాది."

గెలిచినవాడు అక్కడితో ఊరుకోవాలి. గిరిబాబు ఆ ఎర్రబడిన చెవుల్ని అవసరం కన్నా ఎక్కువసేపు చూశాడు. ఆ మరుసటి రోజు నుంచి సాయంత్రం నాలుగున్నరకి ఎదురు కుర్చీ దుమ్ము తుడవడం మొదలెట్టాడు. ఎందుకు తుడుస్తున్నావని ఎవరన్నా అడిగితే తిట్టి ఉండేవాడు.

పద్ధెనిమిదో రోజు, రాత్రుళ్ళు ఎక్కడ ఆగాలన్న దగ్గర పేచీ వచ్చింది.

గిరిబాబు ప్లాన్ ప్రకారం పొద్దున్నే పోఖరాలో బయల్దేరి, చీకటి పడేలోగా ముక్తినాథ్ చేరి, అక్కడే వండి, అక్కడే పడుకోవాలి. అంత ఎత్తుకి ఒక్క రోజులో ఎక్కకూడదని, దారిలో జోమ్‌సోమ్ అనే ఊళ్ళో రెండు రాత్రులు ఆగి ఒంటికి అలవాటు చేయాలని ఝాన్సీ పట్టు. రెండు రోజులు పెరిగితే వరి కోతలు మొదలైపోతాయి, ఆ ముప్ఫై మందిలో సగం మంది రారు, అది కుదరదు అన్నాడు అతను. పైగా, మీ పుస్తకమే పాతది అన్నాడు.

"రోడ్లు పాతబడతాయి గానీ కొండ ఎత్తు తగ్గుతాదేటండీ?" ఝాన్సీ గొంతు మారింది. టీచరు భాష పోయి ఊరి భాష వచ్చింది. "మా మామ్మకి మేడ మెట్లెక్కితేనే ఆయాసం. అక్కడ ఊపిరి అందకపోతే ఏటి సేస్తారు?"

"పన్నెండేళ్ళలో నానొండిన బస్సుల్లో ఎవులికీ ఏటీ అవలేదు."

"మీరు అంత పైకి ఎప్పుడెల్లారు?"

గిరిబాబు కాశీ వెళ్ళాడు, పూరీ వెళ్ళాడు, రామేశ్వరం ఏడుసార్లు వెళ్ళాడు. అంత కొండ ఎప్పుడూ ఎక్కలేదు. రోడ్డు వైపు చూశాడు.

ఆమె పుస్తకం మూసింది. "మామ్మ రాదండీ" అని లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు టిఫిన్ వేళకి పదకొండు మంది సీటు వద్దని ఫోన్ చేశారు. మధ్యాహ్నానికి పందొమ్మిది మంది అయ్యారు. గిరిబాబు కనబడిన ప్రతి వస్తువునూ తిట్టాడు. లాడ్జీని తిట్టాడు, వానను తిట్టాడు, పాత పుస్తకాల కొట్టువాడి వంశాన్ని తిట్టాడు. నాలుగున్నరకి అలవాటు ప్రకారం కుర్చీ తుడిచి, ఎవరూ రాని ఆ కుర్చీని చూసి తనను తాను తిట్టుకున్నాడు.

అప్పుడు పాతపట్నంలో ఉన్న హరిబాబుకి ఫోన్ చేశాడు. అతనికి గరిటె పట్టుకోవడం నేర్పిన వంట మేస్త్రీ హరిబాబే. ముక్తినాథ్‌లో నలభై మందికి వండి వడ్డించానని పదేళ్ళుగా చెప్పుకుంటున్న మనిషి. ఆ టీచరమ్మ నోరు మూయించడానికి ఆ ఒక్క సాక్ష్యం చాలుననుకున్నాడు గిరిబాబు.

సంగతంతా విని హరిబాబు చాలాసేపు దగ్గాడు.

"ఉడకలేదురా గిరీ."

"ఏటి ఉడకలేదు మావా?"

"అన్నం. మూడు గంటలు మంటెట్టినాను. నీలు గలగలా మరుగుతన్నాయి, బియ్యం మాత్రం రాల్లలాగున్నాయి. గేసు అయిపోనాది. మరేటి సెయ్యను, అటుకులూ బెల్లం పంచీసి, ఈ చేత్రంలో ఈ పూట అన్నం ముట్టకూడదు, ఆచారం అని సెప్పీసినాను. మా ఊరి ఆడోల్లు ఇప్పటికీ అది ఆచారవనే అనుకుంటన్నారు."

ఆ రోజే ఒక ముసలాయన వాంతులు చేసుకుని, ఊపిరాడక పడిపోతే జీపులో కిందికి దింపారట. దేవుడి దయవల్ల బతికాడట.

"మరి నాకెందుకు సెప్పలేదు మావా?"

"అన్నం ఉడకలేదని ఏ వంటోడు సెప్తాడురా?"

గిరిబాబు ఫోన్ పెట్టేశాడు. చొక్కా మార్చుకుని, సన్నగా వాన పడుతుండగా లక్ష్మణమ్మ ఇంటికి నడిచాడు. అక్కడిదాకా నడిచే దారిలో మూడుసార్లు వెనక్కి తిరిగాడు, నాలుగుసార్లు ముందుకు తిరిగాడు.

అరుగు మీద ఝాన్సీ పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతోంది. లక్ష్మణమ్మ చిక్కుళ్ళు వలుస్తోంది. గిరిబాబు కూర్చోలేదు. కూర్చుంటే మాట రాదని భయం.

"టీచరుగారూ, అన్నం ఉడకదంట. నాకు వంట నేర్పిన హరిబాబు మావ అక్కడ అటుకులు పంచీసి, ఆచారవని అబద్దమాడినాడంట. మీరు సెప్పింది నిజవే. నాను అంత కొండ ఎప్పుడూ ఎక్కలేదు. జోమ్‌సోమ్‌లో రెండు రాత్రులు ఆగుదాం, పదమూడు రోజులవుద్ది. ఎవులూ రామంటే టూరు మానీస్తాను గానీ, మామ్మనీ ఇంకొకల్లనీ ఊపిరాడకుండా పైకి లాక్కెల్లను."

ఝాన్సీ ఎర్ర పెన్ను పేపర్ల మీద పెట్టేసింది. ఆమె ఏదో అనబోయేలోగా లక్ష్మణమ్మ అందుకుంది. ముప్ఫై మందిని కదిలించే ఆ గొంతు వీధంతా వినబడింది.

"కోతలు నాలుగ్రోజులు ఆగితే సావవు. కొండ మీద నాను సస్తే ఆ కోతలెవులు సూస్తారు? ఒసే ఝాన్సీ, ఆ మానేసినోల్లందరికీ ఫోన్ సెయ్యి, నానొస్తన్నానని సెప్పు."

ముందు డాక్టరుకి చూపించుకోవాలి, ఆయన వద్దంటే పోఖరాలోనే ఆగిపోవాలి, తోడుగా నేనూ వస్తాను అని ఝాన్సీ షరతు పెట్టింది. ముసలావిడ మూతి ముడుచుకుని ఒప్పుకుంది. ఆ వెంటనే ఇంకో తీర్పు కూడా చెప్పింది. గుండిగలో ఉడక్కపోతే కుక్కర్లో ఉడుకుతుంది కదా, నాలుగిళ్ళకో కుక్కరు తెచ్చుకుందాం. గుండిగల వంటవాడు హిమాలయాల్లో నిలబడి ఎనిమిది కుక్కర్ల విజిళ్ళు లెక్కపెట్టడం గిరిబాబు కళ్ళ ముందు కదిలింది. పన్నెండేళ్ళ పరువు అక్కడ పోవాలని రాసి ఉంది కాబోలు అనుకున్నాడు.

మర్నాడు సాయంత్రం అదే అరుగు మీద ఝాన్సీ టూరు లిస్టు రాసింది. పేరు, వయసు, ఓటరు కార్డు నంబరు. చివర్లో ఇంకో గడి గీసింది. మనిషికి ఆపదొస్తే ఎవరికి కబురు చేయాలో అందులో ఉండాలట. ఆడవాళ్ళందరికీ మొగుడి పేరో, కొడుకు పేరో పడింది. డ్రైవరుకి పెళ్ళాం పేరు పడింది. ఆఖర్న గిరిబాబు.

"నాకెవులున్నారండీ. అమ్మా నాన్నా ఎప్పుడో పోనారు. ఖాళీగా ఒగ్గీండి."

ఆమె ఖాళీగా వదల్లేదు. తల వంచుకుని ఏదో రాసింది. గిరిబాబు కాగితం తన వైపు తిప్పుకుని, ఏడో తరగతి ఇంగ్లీషుతో ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. జె, హెచ్, ఎ... పక్కన ఆమె ఫోన్ నంబరు.

అతనికి చెమట పట్టింది. ఆ పరిస్థితిలో కూడా తగువుకే దిగాడు.

"మీరూ అదే బస్సులో ఉంటారు కదండీ. ఆపదొస్తే మీకు కబురేటి?"

"పక్కనే ఉంటాను కాబట్టి వెతుక్కోనక్కర్లేదు."

లోపల లక్ష్మణమ్మ పోపు వేస్తోంది. ఆ చప్పుడు ఆగిపోయింది. ఆవిడ చెవులు ఏ కొండ ఎత్తులోనైనా పనిచేస్తాయి.

"ఒరే గిరీ," వంటింట్లోంచే అంది, "కోతలయ్యాక మీ పెద్దోల్లని పంపు."

"పెద్దోల్లు లేరు మామ్మా."

"ఆ హరిబాబున్నాడు కదా. ఆడ్నే పంపు. అబద్దాలు ఆడొద్దని సెప్పి పంపు."

గిరిబాబు నవ్వాలో పారిపోవాలో తేల్చుకోలేక లిస్టు వైపే చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు కనబడింది. ఝాన్సీ పేరుకి ఎదురుగా ఆ చివరి గడి ఖాళీగా ఉంది.

"మీ గడిలో ఎవులి పేరూ రాయలేదేటండీ?"

ఝాన్సీ పెన్ను అతని ముందు పెట్టింది. అతను ఆ పెన్నును చూశాడు, ఆమెను చూశాడు, మళ్ళీ పెన్నును చూశాడు. పద్ధెనిమిది రోజుల పాటు ఎంతో ఓపికగా ఉన్న మనిషి అప్పుడు విసుక్కుంది.

"అన్నీ నేనే సెప్పాలా మీకు?"

గిరిబాబు చెయ్యి లుంగీకి తుడుచుకుని, గడి పట్టకపోయినా, పెద్ద పెద్ద తెలుగు అక్షరాలతో తన పేరు రాశాడు.