అంచు మీద గీత

ఆ ఉదయం కూడా నాన్న ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కూతురి కోసం గుమ్మంలో నిలబడ్డాడు. పరిశోధనాలయం వర్క్‌షాపులో పాతికేళ్ళుగా ఆయన్ని అందరూ ఫ్రేముల మాస్టారనే పిలుస్తారు. కూతురు అదే భవనంలో, పై అంతస్తులో రీసెర్చి చేస్తోంది.

"ఇంట్లోంచి ఎప్పుడెప్పుడు బయటపడదామా అన్నట్టుంటారు తండ్రీకూతుళ్ళు," అంది అమ్మ.

కూతురు కదల్లేదు. సంచిలోంచి, నాన్న గాజుబిళ్ళ బిగించి ఇచ్చిన ఓ ఫ్రేము తీసి బల్ల మీద పెట్టింది.

కాంతి మెలితిరుగుతూ సాగుతుంది, కుడికో ఎడమకో. మన కంటికి రెండూ ఒకటే. ఆ తేడా పట్టడానికే ఆమె క్వాంటమ్ డాట్లనే కంటికానని నలుసులు పరిచి డిటెక్టరు చేసింది. ఎడమ మెలిక పడితే కరెంటు ఎక్కువ, కుడి మెలిక పడితే తక్కువ అని పరిశోధన పత్రికలో పేపరూ అచ్చయింది. ఏ మెలిక పంపాలో తేల్చేది ఆ గాజుబిళ్ళ. దాన్ని ఎటు తిప్పాలో చెప్పేది నాన్న అంచున గీసిన గీత.

"నిన్న వేరే ల్యాబువాళ్ళ బిళ్ళలతో చూశాను నాన్నా. నేను ఎడమ అన్నదల్లా కుడి. గీత పక్క అంచున పడింది."

"వాళ్ళ బిళ్ళలే తప్పేమో."

"మూడిటితో చూశాను."

"ఇన్నేళ్ళలో నా గీత తప్పిందన్నవాడు లేడు. నీ నలుసుల్నే అడుగు పో."

"గీతేగా, చెరిపి మళ్ళీ గీస్తే పోలా?" అంది అమ్మ.

"అచ్చయింది చెరగదమ్మా. తప్పెక్కడ జరిగిందో పత్రికకి ఉత్తరం రాయాలి."

నాన్న విసురుగా సొరుగులోంచి, కాంతిని వడకట్టే రెండు నల్లరేకులు తీసి, మధ్యలో బిళ్ళ పెట్టి కిటికీకేసి ఎత్తాడు. ఆయన పద్ధతి అదే. బిళ్ళని ఓ పక్కకి వంచితే రంగు ముదురుతుంది, ఇంకో పక్కకి వంచితే తేలిపోతుంది. దాన్నిబట్టే గీత. వంచాడు. మళ్ళీ వంచాడు. వెనక నిలబడ్డ కూతురికి లేత నీలం స్పష్టంగా ముదరడం కనిపిస్తోంది.

"ముదిరిందా, తేలిందా?" అడిగింది కూతురు.

నాన్న మొహం పక్కకి తిప్పి, కంటి కొసతో చూడబోయాడు. చివరికి రేకులు దించేశాడు.

"ఎప్పట్నుంచి నాన్నా?"

"రెండేళ్ళు దాటింది. చూపు నడిమధ్య మచ్చ. ఇక బాగుపడదన్నాడు డాక్టరు."

అమ్మ దగ్గరికొచ్చింది. "నాతో కూడా అనలేదే."

"అంటే నా బల్ల ఖాళీ చేయిస్తారు. అమ్మడికి నా చేత్తో చేసిపెట్టగలిగింది అదొక్కటే. ఉండేవి రెండంచులేగా, ఊహించి గీశాను."

కంటికి అందని మెలికని పట్టుకుంది తను. రోజూ పక్కన నడిచే మనిషి తన భుజం పట్టుకుని మెట్లు దిగుతుంటే మాత్రం, ముద్దు చేస్తున్నాడనుకుంది.

"ఉత్తరంలో నా పేరు రాసెయ్యి తల్లీ."

"గీత ఎలా పెట్టారో రాయక తప్పదు. సరిచూడకుండా వాడింది నేనని కూడా రాస్తాను."

"అయితే పెద్దసారు పిలిచి, ఇక రావద్దంటాడు."

"ఆయన నోట వినద్దు." ఆమె ఆయన చేతిలోంచి రేకులు అందుకుంది. "నేనే చెబుతున్నాను నాన్నా. ఇవాళ్టి నుంచి పనికి రావద్దు."

నాన్న తలూపాడు. "నువ్వు చెప్పావు కాబట్టి సరే."

తర్వాత, ఇన్నాళ్ళూ దాచిన పని వాళ్ళ ఎదుటే చేశాడు. చెయ్యి చాచి, కుర్చీ కోసం గాల్లో తడుముకున్నాడు. కూతురు ఏడుస్తూ కుర్చీని ఆ చేతి కిందికి జరిపింది.