గంగులు బతికే ఉండాది

"నా ఊరగాయ జాడీ ఎవురు దించినారు?"

లక్ష్మీదేవమ్మ అరుపు వంటింట్లోంచి వీధి దాకా వెళ్ళింది.

"నేనే," అంది కూతురు హేమ. "ఈ గూట్లో తప్ప ఇల్లంతా సిగ్నల్ రాదని ఎన్నిసార్లు చెప్పల్ల?"

"మా అత్త కాపురానికొచ్చిన కాలం నుంచి ఆ గూడు జాడీదే. నీ ఫోన్ నిన్న పుట్టింది."

"మీ అత్త వాకిట్లోనే ఉండాది కదా, ఆమెనే అడుగు."

నల్లమ్మ వక్క నములుతూ తల అడ్డంగా ఊపింది. "నన్ను లాగొద్దండి. నాకు జాడీ కావల్ల, ఫోనూ కావల్ల. మొన్న ఎవురో ఆఫీసాయప్ప చేస్తే ఎత్తి మాట్లాడింది నేనే."

లక్ష్మీదేవమ్మ జాడీని గూట్లోకి తోసింది. ఫోన్ అంచుకు జరిగి, కింద పడబోతూ మోగింది. హేమ పట్టుకుని చూసింది. ఒక మెసేజ్.

'మీ పేరున ఉన్న 58 గొర్రెలు మృతి చెందినట్లు సర్వేలో ధ్రువీకరించబడినది. ధన్యవాదములు.'

కిటికీలోంచి చూస్తే, మందలో పెద్ద పొట్టేలు గంగులు, మేతకని ఆరబెట్టిన చెనిక్కట్టెను, ఎండు వేరుశనగ తీగలను, దొంగతనంగా నములుతోంది.

"ధన్యవాదములంట!" అంది హేమ. చెప్పులేసుకుని బయటికి నడిచింది.

*

ఎర్రబండపల్లె చివర పశువుల కేంద్రంలో ఒక బల్ల, ఒక మందుల పెట్టె, ఒక ట్యాబ్, దాని వెనక ఒక యువకుడు. పేరు తిప్పేష్. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు. చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు కానీ పైగుండీ ఒక కాజా తప్పి పెట్టుకున్నాడు. హేమకు అది కూడా కోపం తెప్పించింది.

"ఏం సార్, మా మంద ఎప్పుడు చచ్చిపోయింది? ముందే చెప్పుంటే దినాలు చేసుకుంటా ఉంటిమి."

అతను కంగారుగా ట్యాబ్ తడిమాడు. "మీ నాయన ఓబుళేసు గారా? ఫోన్ సర్వేలో మీ ఇంట్లో పెద్దామె చెప్పిందమ్మా. 'యాడున్నాయప్పా జీవాలు, ఒగటీ మిగల్లేదు' అనింది. అదే ఎక్కించినా."

అది అచ్చం నల్లమ్మ మాటేనని హేమకు తెలిసిపోయింది.

మంద ఎంత అని ఎవరడిగినా జీవాలు కాసేవాళ్ళు సంఖ్య చెప్పరు. చెబితే దిష్టి. ఒకటీ లేదంటారు. అడిగినవాళ్ళు నవ్వి ఊరుకుంటారు. ఈ పీఠభూమిలో చిన్న పిల్లలకు కూడా తెలిసిన సంగతి అది.

"మీది యావూరు?"

"మడకశిర తట్టు."

"మీ ఇంట్లో జీవాలు లేవా?"

అతను తలెత్తలేదు. "ఉండాయి. మా అవ్వ కూడా అట్లే అంటాది."

"అంటే తెలిసే నొక్కినావా?"

సార్ అనే మాట అక్కడితో పోయింది.

"ఆపొద్దు సాయంత్రం ఐదు లోపల నాలుగు వందల ఇళ్ళు ముగించల్ల అన్నారు. ఫోన్లో ఏమంటే అది నొక్కడమే. 'ఈమె దిష్టికి భయపడి అంటాంది' అని నొక్కనీకి ఈ ట్యాబ్‌లో కాలమ్ లేదు."

"కాలమ్ లేకుంటే మనిషికి నోరు కూడా లేదా? పై వాళ్ళకు చెప్పల్ల కదా!"

అతను ట్యాబ్ అంచును గోటితో గీకాడు.

"సరే, ఇప్పుడు బతికించు."

"బతికినదాన్ని చచ్చినట్టు ఎక్కించొచ్చు. చచ్చినదాన్ని బతికించే దారి ఇందులో లేదు."

పక్క ఊళ్ళో అప్పటికే మూతివాపు రోగం మొదలైంది. వాన పడి దోమలు లేస్తే మందలకు మందలు తుడుచుకుపోతాయి. టీకా మందు పెట్టెలో, ఐసు మధ్య, ఆమె కళ్ళ ముందే ఉంది. కానీ గొర్రె చెవి ట్యాగ్ స్కాన్ చేసి, తెర మీద పచ్చరంగు వస్తేనే ఒక డోసు తీయాలి. చచ్చిన గొర్రెకు ఎరుపే.

"మందు ఈడుండాది, గొర్రె ఆడుండాది. మధ్యలో ఈ పలక అడ్డమా?"

తిప్పేష్ గొంతు తగ్గించాడు. "ఒక దారుండాది. ట్యాగులు మార్చి, అన్నీ కొత్తగా పుట్టినట్టు రాస్తే..."

"గంగులుకు ఏడేండ్లు. నిన్న పుట్టిందని రాస్తావా? ఒక అబద్ధం తుడవనీకి యాభై ఎనిమిది అబద్ధాలా? నాకొద్దు. బతికుండాది అని రాయి. అంతే."

అతను మొదటిసారి ఆమె ముఖం సరిగ్గా చూశాడు. తర్వాత పశువుల డాక్టరుకు ఫోన్ చేశాడు. అవతలి నుంచి చాలాసేపు తిట్లు వినిపించాయి. చివరికి జవాబు వచ్చింది: ప్రతి గొర్రెకూ ట్యాగ్ కనపడేలా, తేదీతో ఫోటో. గురువారం మధ్యాహ్నం పన్నెండు లోపల.

*

బుధవారం పొద్దున కొండ వాలులో నల్లమ్మ కర్ర అడ్డం పెట్టింది. "లెక్క పెట్టనీకి నేనొప్పుకోను. మంద ఎంతని చెప్పిన ఇల్లు బాగుపడలేదు."

"లెక్క పెట్టద్దులే అవ్వా," అంది హేమ. "పేరు పెట్టి పిలువు. నేను పేరు రాస్తా. ఈయప్ప ఫోటో తీస్తాడు. ఎంతని ఎవురూ నోరెత్తరు."

ముసలామె ఆలోచించి కర్ర తీసింది.

"పుల్లీ! నల్లచెవీ! రా ఇట్ల, కుంటిదానా!"

పిలిచినది పిలిచినట్టు వచ్చింది. తిప్పేష్ మోకాళ్ళ మీద కూర్చుని చెవి పట్టుకుని ఫోటో తీస్తుంటే గంగులు వెనక నుంచి ఒక్క పోటు పొడిచింది. అతను ట్యాబ్‌ను పైకెత్తి పట్టుకుని తను మాత్రం దుమ్ములో పడ్డాడు.

హేమ నవ్వకూడదని పెదవి కొరుక్కుంది. నిలవలేదు.

"చచ్చిన పొట్టేలు బాగానే పొడుస్తాందే!"

"దానికి కూడా మెసేజ్ పోయినట్టుండాది," అన్నాడతను దుమ్ము దులుపుకుంటూ.

సన్నగా జల్లు మొదలైంది. నల్లమ్మ గొంగడి కప్పుకుంది. వాళ్ళిద్దరూ బండ కింద నిలబడ్డారు, మధ్యలో ఒక గొర్రెపిల్ల పట్టేంత దూరంలో.

"కాగితం తడిసింది. సగం పేర్లు పోయినాయి," అంది హేమ దిగులుగా.

"రాసుకో, చెప్తా." అతను పుల్లి దగ్గర మొదలుపెట్టి వరసగా చెప్పుకుపోయాడు. ఒక్కటీ తప్పలేదు.

"ఇంత గుర్తుందా!"

"నంబర్లు నిలబడవు నాకు. పేర్లు మర్చిపోను. హేమ అనే పేరు నిన్నటి నుంచి యాడ రాసుకోవాల్నో తెలీడం లేదు. దానికీ కాలమ్ లేదు."

ఆమె వాన వైపు చూస్తున్నట్టు నటించింది. చెవులు వేడెక్కాయి. మాట మార్చడానికి అడిగింది. "ఆపొద్దు మా అవ్వ మాదిరి ఇంకెవురైనా అట్లే చెప్పినారా?"

అతని ముఖంలో నవ్వు పోయింది. "మీతో కలిపి ఇరవై మూడు ఇళ్ళు."

"మిగతా ఇరవై రెండు?"

"వాళ్ళెవురూ అడగనీకి రాలేదు."

హేమ బండ కింద నుంచి వానలోకి జరిగింది. "వాళ్ళకు మెసేజ్ చదివే కూతురు లేకపోతే వాళ్ళ జీవాలు చచ్చినట్టేనా? అరిచినోళ్ళవే బతకాల్నా? పేర్లు మర్చిపోవంటివే, వాళ్ళ పేర్లు ఎట్ల మర్చిపోయినావు?"

ఆ తర్వాత మిగిలిన గొర్రెలకు ఫోటోలు తీసేంతవరకు ఆమె గొర్రె పేర్లు తప్ప ఒక్క మాట మాట్లాడలేదు.

*

గురువారం పది గంటలకు తిప్పేష్ గడపలో నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కేంద్రంలో నెట్ లేదు. ఊళ్ళో సిగ్నల్ ఉన్నది ఈ ఇంటి గూట్లోనే అని ఎవరో చెప్పారట.

హేమ జాడీ వైపు చేయి చాచేలోగా లక్ష్మీదేవమ్మే దాన్ని దించింది. "జీవాల కోసం దించినా. నీ ఫోన్ కోసం కాదు," అంది కూతురితో.

అతను ట్యాబ్‌ను గూట్లో పెట్టాడు. కానీ మొదట పంపింది ఫోటోలు కాదు, ఒక ఉత్తరం. హేమ అతని భుజం పక్క నుంచి చదివింది.

'ఫోన్ సర్వేలో ఇరవై మూడు ఇళ్ళ మందలను, బతికున్నాయని తెలిసి కూడా, మృతి అని నమోదు చేసినాను. తప్పు నాది. ఇంటింటికీ పోయి సరిదిద్దడానికి అనుమతి ఇవ్వగలరు.' కింద ఇరవై మూడు పేర్లు.

"మా ఫోటోలు ముందు పంపకూడదా? టైం అయిపోతాంది!"

"ముందు పంపితే మీ మంద బతుకుతాది. నాకు ధైర్యం పోతాది," అన్నాడు తిప్పేష్. "ఇది పోయినాంకే అవి."

"ఉద్యోగం పోతే?"

"పోతే పోనీ. అడగనోళ్ళ గురించి ఒకరు అడిగినారు కదా నన్ను."

ఉత్తరం వెళ్ళింది. ఫోటోలు ఒక్కొక్కటే, మొండి గొర్రెలు దొడ్లోకి పోయినట్టు, ఆగి ఆగి వెళ్ళాయి. చివరిది పన్నెండుకు ఐదు నిమిషాల ముందు వెళ్ళింది. గంగులు ఫోటో. దాని పక్కన, తేదీ రాసిన పలక పట్టుకున్న ఒక అమ్మాయి చేయి.

*

శనివారం పొద్దున తెర మీద పచ్చరంగు వచ్చింది. మధ్యాహ్నానికి మందంతటికీ టీకాలు అయిపోయాయి. ఓబుళేసు అతన్ని చేయి పట్టుకుని భోజనానికి కూర్చోబెట్టాడు. సంగటి, చెనిక్కాయల చట్నీ, జాడీలోని ఊరగాయ.

"పై నుంచి ఏమొచ్చిందప్పా?" అన్నాడు ఓబుళేసు.

"మెమో వచ్చింది. అనుమతి కూడా వచ్చింది. పది దినాల్లో ఇరవై రెండు ఇళ్ళు."

హేమ వడ్డించే గరిటె కింద పెట్టింది. "నాయనా, రేపటి నుంచి నేనూ పోతాండా. అవ్వలు పేర్లు పిలిస్తే రాసుకునేదానికి ఒకరు కావల్ల."

"ఆడపిల్ల ఒకని బండెక్కి ఊర్లు తిరిగితే జనం ఏమంటారు?" అంది లక్ష్మీదేవమ్మ.

"ఏమంటారో దాన్నే నిజం చేస్తా. ఈయప్పనే పెండ్లి చేసుకుంటా."

తిప్పేష్‌కు సంగటి గొంతులో అడ్డం పడింది. "నన్ను అడగనేలేదే!"

"కొండ మీద నువ్వడిగితివి కదా, యాడ రాసుకోవాల్నో అని. నేను చోటు చూపిస్తాండా. కానీ ఇరవై రెండు మందలూ బతికినాంకే పెండ్లి. ఒక్క గొర్రె చచ్చినట్టు మిగిలినా లేదు."

ఓబుళేసు తల్లి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు, చివరికి తిప్పేష్ కంచంలో ఇంకొక ముద్ద వేశాడు.

"మాట్లాడనీకి మీ వాళ్ళు రావల్ల కదా. మీ ఇంట్లో ఎంతమందప్పా?"

తిప్పేష్ ముఖం కదలకుండా అన్నాడు. "యాడున్నారు మామా, ఒగరూ లేరు."

నల్లమ్మ నవ్వు ఇల్లంతా పాకింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఆమే తేల్చి చెప్పింది.

"ఎంతమందని అడగద్దురా ఓబుళేసూ. వచ్చే ఆదివారం రమ్మను. సంగటి పెద్ద కుండలో చేద్దాం."