మూడు వేళ్ళ చందనం

మధ్యాహ్నం అన్నం గంట కొట్టి చాలాసేపయింది. వాసుకి ఇంకా కంప్యూటర్ గదిలోనే ఉంది. ఎడమచేతిలో చందనం గిన్నె. కుడిచేతి వేళ్ళ నిండా చందనం.

మరునాడు ఆయుధపూజ. పొద్దుటి నుంచి బడంతా కడిగారు. బెంచీలకు, బోర్డులకు, బడిగంటకు, హెడ్‌మాస్టర్ సీనివాసన్ సార్ స్కూటర్‌కు కూడా బొట్లు పెట్టేశారు. మిగిలింది కంప్యూటర్ ఒక్కటే.

తమిళనాడులో, కోవిల్‌పట్టికి దూరంగా, నల్లరేగడి చేల మధ్య ఉన్న ఆ బడికి కంప్యూటర్ వచ్చి నాలుగు నెలలే అయింది. ఆ గదిలోకి చెప్పులు వేసుకుని వెళ్ళకూడదు. టీచర్ లేనప్పుడు పిల్లలెవరూ దాన్ని ముట్టుకోకూడదు. గది ఊడ్చి, బల్ల తుడిచి, తాళం వేసేది మాత్రం ఆయా పంచవర్ణం.

బడిలో అందరూ తమిళంలోనే మాట్లాడతారు. వాసుకి ఇంట్లో మాట్లాడే తెలుగులో ఆమెను పలకరించేది పంచవర్ణం ఒక్కతే. అందుకే వాసుకి ఆమెను పెద్దమ్మా అని పిలుస్తుంది.

"మురికి నీళ్ళు పారబోసి వస్తా పాపా. ఈ పెట్టెకి నెత్తిన ఒక్క బొట్టు పెట్టు, సాలు. వేరే ఏమీ ముట్టబాకు," అని చెప్పి పంచవర్ణం బకెట్ ఎత్తుకుని వెళ్ళింది.

వాసుకి మానిటర్ నెత్తిన బొట్టు పెట్టింది. తర్వాత కీబోర్డ్ వైపు చూసింది. పాపం, దానికి ఏమీ లేదు.

ఇంట్లో అవ్వ ఏ వస్తువునూ వదలదు. కొడవలికి, రోలుకు, నాయన సైకిల్‌కు, చివరికి కత్తెరకు కూడా మూడు వేళ్ళతో చందనం పెడుతుంది. "లేసుగా పెడితే అంటుకోదు. బాగా ఒత్తి పెట్టాల," అంటుంది.

వాసుకి మూడు వేళ్ళు గిన్నెలో ముంచింది. కీబోర్డ్ కింది వరుసలో, కుడిపక్కన ఉన్న మూడు బటన్ల మీద ఒకేసారి గట్టిగా ఒత్తింది.

తెర చటుక్కున నల్లబడింది. మళ్ళీ వెలిగింది.

దేవిప్రియ టీచర్ టైప్ చేసి వదిలివెళ్ళిన ప్రశ్నపత్రం పక్కకు పడిపోయి ఉంది. వరసలన్నీ చీమల బారులా కింద నుంచి పైకి ఎక్కుతున్నాయి. మౌస్‌ను కుడికి జరిపితే బాణం ఇంకెటో పోయింది.

గబగబా పావడ అంచుతో బటన్ల మీది చందనం తుడిచేసింది. తెర మాత్రం అలాగే ఉంది. బయట అడుగుల చప్పుడు వినబడగానే ఆమె వెళ్ళి గుమ్మం పక్కన నిలబడింది.

పంచవర్ణం లోపలికి వచ్చింది. ఆమె చేతిలో తడిగుడ్డ. వెనకే సీనివాసన్ సార్.

సార్ తెర వైపు చూశాడు. తర్వాత తడిగుడ్డ వైపు చూశాడు.

"ఎన్నిసార్లు చెప్పాను నీకు, దీని దగ్గరికి తడి తీసుకురావద్దని?"

"లేదు సార్. బల్ల మాత్రమే తుడిచాను."

"బల్ల తుడిస్తే కంప్యూటర్ పక్కకు పడుకుంటుందా? ఇంత పెద్ద వస్తువు! ఇప్పుడు ఎవరిని అడగాలి నేను?"

సార్ గొంతు విని పిల్లలు కిటికీల దగ్గర మూగారు. ఏడో క్లాస్ రామ్‌కుమార్ ఊచల మధ్య నుంచి ముక్కు లోపలికి పెట్టాడు.

"ఒరేయ్, ఆయా కంప్యూటర్‌కు స్నానం చేయించిందిరా! జలుబు చేసి పడుకుంది!"

కిటికీ అంతా నవ్వింది.

పంచవర్ణం తలెత్తి వాసుకి వైపు చూసింది. ఒక్కసారే చూసింది. వాసుకి కుడిచేయి వీపు వెనక దాచుకుంది. వేళ్ళ మీద చందనం ఎండిపోయి చర్మాన్ని బిగదీస్తోంది.

"ఇకమీదట ఈ గదిలోకి రావద్దు. తాళంచెవి ఇలా ఇచ్చేయ్. బయట గడ్డి పీకు, చాలు," అన్నాడు సార్.

పంచవర్ణం నడుము దగ్గర చీరలో దోపుకున్న తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది.

పండగ సెలవుల్లో వాన పట్టుకుంది. అవ్వ చేసిన శనగల గుగ్గిళ్ళు వాసుకి ముట్టలేదు. "ఏమిటికిమే అట్ల మొగం పెట్టుకోని కూసోనుండావు?" అని అవ్వ అడిగితే, కడుపునొప్పి అంది.

బడి తెరిచారు. తెర అలాగే ఉంది. ఎన్నిసార్లు ఆపి మళ్ళీ వేసినా అంతే.

చివరికి సీనివాసన్ సార్ ఒక ఉపాయం చేశాడు. మానిటర్‌నే పక్కకు పడుకోబెట్టి, దొర్లకుండా రెండు ఇటుకలు అడ్డం పెట్టించాడు. ఇప్పుడు అక్షరాలు నిటారుగా కనబడ్డాయి. కానీ తెర మూలల్లో ఊదారంగు మరకలు వచ్చాయి. అరగంటకే వేడెక్కి, కాలిన వాసన రావడం మొదలైంది. దేవిప్రియ టీచర్ భయపడి స్విచ్ ఆపేసింది. పిల్లల కంప్యూటర్ క్లాస్ కూడా ఆగిపోయింది.

కిటికీలోంచి చూస్తే పంచవర్ణం కనబడేది. బురదలో గొంతుకూర్చుని గడ్డి పీకుతూ ఉండేది. పిల్లలు పక్కనుంచి పోతూ "స్నానం ఆయా! స్నానం ఆయా!" అని పరిగెత్తేవాళ్ళు. వాసుకిని చూసినా ఆమె పాపా అని పిలవడం లేదు.

నాలుగో రోజు దేవిప్రియ టీచర్ ఆఫీసు గదిలో ఫోన్ పెట్టేసి విసుగ్గా బయటికి వచ్చింది. వాసుకి నోటు పుస్తకాలు పట్టుకుని అక్కడే ఉంది.

"విరుదునగర్ కంపెనీ వాళ్ళు ఒకటే మాట అడుగుతున్నారు," అంది టీచర్ తనలో తను అనుకున్నట్టు. "అలా అయ్యే ముందు ఏం చేశారు, ఏది నొక్కారు అని. ఏం చెప్పను? ఎవరూ ఏమీ నొక్కలేదు కదా. లారీలో వేసి పంపించమంటున్నారు. మళ్ళీ తిరిగి వస్తుందో రాదో."

వాసుకి చేతిలోని పుస్తకాలు జారాయి.

"టీచర్... నేను నొక్కాను."

"ఏంటి?"

"చందనం పెట్టాను. మూడు వేళ్ళతో."

టీచర్ తిట్టలేదు. ఆమె చేయి పట్టుకుని కంప్యూటర్ గదిలోకి తీసుకుపోయి స్విచ్ వేసింది. "ఎక్కడ పెట్టావో చూపించు."

వాసుకి ఆ మూడు బటన్ల మీద వేళ్ళు ఆనించింది.

"ఆల్ట్, కంట్రోల్, ఎడమ బాణం," అని టీచర్ మెల్లగా చదివింది. కొంచెంసేపు ఆలోచించింది. "ఎడమ బాణం పక్కకు పడేస్తే, పై బాణం లేపుతుందేమో."

మొదటి రెండూ నొక్కిపట్టి, పై బాణం నొక్కింది. తెర నల్లబడి వెలిగింది. పడుకోబెట్టిన మానిటర్‌లో అక్షరాలు మళ్ళీ అడ్డంగా తిరిగాయి. ఇద్దరూ కలిసి ఇటుకలు తీసి, బరువైన మానిటర్‌ను మెల్లగా లేపి నిలబెట్టారు.

తెర మీది అక్షరాలు నిటారుగా నిలబడ్డాయి.

"ఇంతేనా! దీనికా ఇన్ని రోజులు!" టీచర్ నవ్వేసింది. తర్వాత వాసుకి మొహం చూసి గొంతు తగ్గించింది. "భయపడకు. దానంతట అదే బాగయిందని సార్‌తో చెబుతాలే. నీ పేరు రాదు. ఇక పో."

నీ పేరు రాదు. ఆ మాటకు వాసుకికి హాయిగా ఉండాలి. ఉండలేదు.

బయట సన్నగా తుంపర పడుతోంది. పంచవర్ణం తల మీద గోనెసంచి కప్పుకుని ప్రహరీ గోడ దగ్గర గడ్డి పీకుతోంది.

"పెద్దమ్మా, కంప్యూటర్ బాగయిపోయింది."

"సంతోసం."

"అది... నేనే పెద్దమ్మా. నువ్వు వద్దంటే కూడా చందనం ఒత్తి పెట్టినా."

"తెలుసు. ఆ పొద్దే నీ వేళ్ళు చూసినా."

"మరి సార్‌కి ఏమిటికి సెప్పలే?"

"సిన్నబిడ్డవి. నువ్వే సెప్తావని చూసినా. ఆ పొద్దు చూసినా. పండగ పోయినాక కూడా చూసినా."

"నా మీద కోపమా?"

"కోపం ఉండదా?" పంచవర్ణం ఒక గడ్డి దుబ్బును వేర్లతో సహా లాగి పక్కకు విసిరింది. "ఇప్పుడు నా తావకొచ్చి గుసగుసగా సెప్తే ఏమి, పాపా? నాకు తెలిసిందే కదా. నేను మాట పడింది అంతమంది ముందర. ఆ పిలకాయలు ఇంకా నగతానే ఉండారు."

ఆమె మళ్ళీ వంగింది.

మరునాడు పొద్దున ప్రార్థన అయ్యాక సీనివాసన్ సార్ గొంతు సవరించుకున్నాడు. ఆకాశం ఇంకా మబ్బుగానే ఉంది.

"మన కంప్యూటర్ దానంతట అదే బాగయింది. ఇకమీదట ఆ గదిలోకి ఎవరూ తడిగుడ్డ తీసుకుపోకూడదు."

రామ్‌కుమార్ కిసుక్కున నవ్వాడు. పక్కవాళ్ళు అందుకున్నారు. నీళ్ళ ట్యాంకు దగ్గర పంచవర్ణం ఊడుస్తూనే ఉంది.

వాసుకి వరసలోంచి బయటికి వచ్చింది. అందరి ముందు నడిచి వెళ్ళి సార్ పక్కన నిలబడింది.

"ఏంటమ్మా? ఒంట్లో బాగాలేదా?"

"సార్, పంచవర్ణం పెద్దమ్మ ఏమీ చేయలేదు. నేనే..." అంది వాసుకి. ఆ మాటలు ముందు వరసకు కూడా చేరలేదు.

"వినబడలేదు!" అని వెనక నుంచి రామ్‌కుమార్ అరిచాడు.

దేవిప్రియ టీచర్ పక్కనుంచి తల అడ్డంగా ఊపింది, వద్దన్నట్టు. వాసుకి చూసింది. చూసి, ఊపిరి గట్టిగా పీల్చుకుంది.

"కంప్యూటర్‌ను ఆయా తడపలేదు! ముట్టుకోవద్దన్నా వినకుండా నేనే చందనం పెట్టాను! ఆమెను తిట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను. చెప్పలేదు. మీరందరూ నవ్వుతుంటే కూడా చెప్పలేదు!"

ఈసారి ఆఖరి వరస దాకా వినబడింది. ఎవరూ నవ్వలేదు.

నీళ్ళ ట్యాంకు దగ్గర చీపురు చప్పుడు ఆగిపోయింది.