దాచిన జడపాయ

ప్రొద్దుటూరు మెయిన్ బజారు వెనక సందులో, పట్టాభిరామయ్య గుడ్డల అంగడి మీద ఒక మిద్దెగది ఉంది. ఆయన పెద్దకూతురు తనూజ ఆ గదిలో కూర్చొని జమ్మలమడుగు నేతగాళ్లకు చీర అంచుల డిజైన్లు కంప్యూటర్లో గీసిస్తుంది. వెలుతురు పడితే తెరమీద రంగులు మోసం చేస్తాయని కిటికీలకు పాత దుప్పట్లు కట్టి ఉంచుతుంది. అందుకే మిట్టమధ్యాహ్నం కూడా ఆ గది మునిమాపులాగే ఉంటుంది.

ఆ ఏడు వైశాఖంలో ఆమె అంచుల పని పక్కనపెట్టి చెల్లెలి పటం మొదలుపెట్టింది. నాగశ్రీ పోయి పదకొండు నెలలు. సంవత్సరీకం నాటికి గోడకు పెట్టే పటం కావాలి. ముఖం తేటగా ఉన్న ఫోటో ఒక్కటే ఉంది, అందులో పిల్ల తలకు గుడ్డ కట్టుకొని ఉంది.

"ఆ గుండుతో నా బిడ్డను గోడకెక్కించలేను," అంది తల్లి సరోజమ్మ. "జడ పెట్టు. నడుందాకా ఉండాల."

జబ్బు బయటపడిన వారంలోనే సరోజమ్మ కొండ దేవునికి మొక్కుకుంది. దాని తలనీలాలు మొత్తం నీకిస్తా, బిడ్డను నాకియ్యి స్వామీ అని. తలనీలాలు ఇచ్చి వచ్చారు. బిడ్డ దక్కలేదు.

సాఫ్ట్‌వేర్లో ఉన్న వెంట్రుకల బ్రష్షులన్నీ తిప్పి చూసింది తనూజ. అన్నీ నున్నగా జారిపోయే సినిమా జుట్టే. నాగశ్రీది అట్లాంటిది కాదు. కాస్త బిరుసు, కొసల్లో రాగిరంగు, చెవుల దగ్గర చెప్పినమాట వినని ఉంగరాలు. ఎంత గీసినా రాలేదు. చివరికి బీరువాలో చీర మడతలోంచి ఒక పొట్లం తీసింది. కొండకు పోయే ముందురోజు చెల్లెలికి ఆఖరిసారి జడ వేస్తూ, ఎవరికీ తెలీకుండా కత్తిరించి దాచుకున్న పాయ అది. వేలంత లావుంది.

దాన్ని స్కానర్ అద్దంమీద పరిచింది. ఒక సాఫ్ట్‌వేర్లో మచ్చలు, నీడలు తుడిచి నలుపు తెలుపుగా చేసింది. రెండోదాంట్లో ఒక్కొక్క వెంట్రుకనూ విడదీసి గీతలుగా మార్చి కుచ్చుకట్టింది. మూడోదాంట్లో ఆ కుచ్చును బ్రష్షుగా పెట్టి, పెన్ను నొక్కితే లావుగా, తేలిస్తే సన్నగా వచ్చేట్టు అమర్చింది. మూడు దినాలు పట్టింది.

"ఏందే, మూడు దినాల్నుంచి ఒక్క జడ వేస్తాండావు?" అన్నానికి పిలవడానికి వచ్చి, గోరింటాకు పెట్టిన పలచటి కొప్పు సవరించుకుంటూ ఎకసెక్కమాడింది సరోజమ్మ. "నేనైతే ఈపాటికి పెండ్లికూతురికి పూలజడే కుట్టుండేదాన్ని."

నాలుగోరోజు తొలి గీత గీసింది. చెల్లెలి జుట్టే! నడుందాకా జడ అల్లి, కొస వదిలి, తనూజ శానా నాళ్లకు నవ్వింది.

మరునాడు ఫైలు తెరిస్తే జడ చెదిరి ఉంది. నిద్ర లేచిన పిల్ల తలలాగ ఒకపక్క నలిగి, చిక్కులు పడి. సేవ్ చేయడంలో పొరపాటేమో అనుకొని సరిచేసింది. ఆ మరునాడూ అంతే. మూడోరోజు ఆమె పొరపాటు వెతకలేదు. కూర్చొని చిక్కులు తీసింది. స్కూలు రోజుల్లోలాగ "కదలొద్దే" అని గొణుక్కుంటూ. గదిలో అప్పటి చెల్లెలి తల మెంతినూనె వాసన. భయపడాల్సింది. భయం రాలేదు, కడుపు నిండినట్టయింది.

"పటం అయిందా?" అని తల్లి అడిగితే, "ఇంకా రెండు దినాలుమా" అనేది. పటం అచ్చుకిస్తే రేపటినుంచి దువ్వేదానికి ఏముంటుంది?

రెండు దినాలు పదిహేనయినాయి. సంవత్సరీకం ఇంకా మూడురోజులుందనగా, ఒక మధ్యాహ్నం మోడం కమ్ముకొచ్చింది. పక్కింటి రేకులు గాలికి కొట్టుకుంటున్నాయి. కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ తెర ఒక్కటే వెలుగుతోంది. సరోజమ్మ సెల్‌ఫోను లైటు వేసుకొని మెట్లెక్కి వచ్చింది. పాయను దాచడం ఆరోజు తనూజ మరిచింది. లైటు నేరుగా దానిమీదే పడింది.

సరోజమ్మ దాన్ని చేతికి తీసుకుంది. ఎవరిదని అడగలేదు, వేళ్లకే తెలిసింది.

"ఇది నీకాడికి ఎట్లొచ్చె?"

"మా..."

"దేవుని సొత్తు దాచినావా? మొత్తం ఇస్తానని మొక్కుకుంటి గదే." గొంతు పెంచలేదు. తనలో తాను అనుకుంటున్నట్టు అంది. "అందుకేనేమో. అందుకేనేమో నా బిడ్డ నిలవలేదు."

పాయను కొంగున ముడేసుకొని, గోడ పట్టుకుంటూ దిగిపోయింది.

ఆ మాట తనూజకు కొత్తది కాదు. ఏడాదిగా తనకు తాను చెప్పుకుంటున్నదే. ఇంకొకరి నోట వినడమే కొత్త.

పెన్ను పక్కన పెట్టింది. తెరమీదికి వంగి గుసగుసగా అడిగింది.

"శ్రీ... నావల్లనేనా?"

రేకుల చప్పుడు ఆగింది.

చెవి దగ్గర ఉంగరం ఒకటి సాగింది... మెల్లగా... చెంపమీదికి. పెన్ను బల్లమీదే ఉంది. ఎవరూ పట్టుకోలేదు. ఇంకొక వెంట్రుక. ఇంకొకటి. నుదురు మూసుకుంది... కండ్లు... తనూజ అన్‌డూ నొక్కింది. పోలేదు. మళ్లీ నొక్కింది. ఇంకా దట్టమయింది... ముక్కు... పెదవులు. తెరనిండా జుట్టే. నడిమిన తిన్నగా పాపిట. కింద జడ మొదలు.

అది తల వెనకభాగం. చిన్నప్పుడు అలిగితే ఎట్లా తిరిగి కూర్చునేదో, అట్లా తిరిగి కూర్చుంది నాగశ్రీ.

"ఒక్కసారి ఇటు సూడే తల్లీ..."

చూడలేదు.

బయట వాన కురిసి వెలిసేదాకా ఏడ్చి, తనూజ ముఖం తుడుచుకుంది. పాయ అమ్మ దగ్గరుంది, అది ఎట్లాగూ కొండకు పోతుంది. తన దగ్గర మిగిలింది ఈ బ్రష్షే. దేవుణ్ణి తలుచుకొని దాన్ని తీసేసింది. జాబితాలో ఆ చోటు ఖాళీ కావాలి. కాలేదు. అక్కడ ఇంకో బ్రష్షు ఉంది. దానికి పేరు లేదు. తాను చేసింది కాదు.

కొత్త పేజీ తెరిచి, ఒక్క గీత గీసింది.

రంగు ఎంచుకోకముందే రంగు వచ్చింది. పలచటి వెంట్రుకలు. మొదట్లో తెల్లగా, పోనుపోను పాత గోరింటాకు రంగు...

కిందనుంచి సరోజమ్మ పిలిచింది. ఎప్పటి గొంతే, కాస్త విసుగ్గా.

"తనూ, ఒకతూరి కిందికి రామ్మా. కొప్పు విప్పితే చేతినిండా ఎంటికలే వస్తాండాయి... ఏందో వచ్చి సూడు."