మడిచిన చిటికెన వేలు

బేరానికి బయలుదేరిన రోజున సుంకర చెంచయ్య చేతిలో ఉన్నది తాతల నాటి ఎర్రంచు తువ్వాలు. దానికి తోడు, ఇటు వాళ్ళతోనూ అటు వాళ్ళతోనూ చెడని నోరు. ఎదురుగా ఉన్నది ఎండిపోబోతున్న కుళాయి. పెట్టుబడి చిన్నదే గాని, ఇంతకన్నా చిన్న పెట్టుబడితో తాత ఒంగోలు సంతలో గిత్తల జతలు కుదిర్చాడని అతని ధైర్యం.

అది చంద్రుడి దక్షిణ ధ్రువం. అక్కడ ఉదయమంటే గడియారం చెప్పిందే ఉదయం. శీతకుండం అనే మంచు గోతికి ఒక గట్టున ఉత్తర సమాఖ్య స్థావరం, రెండో గట్టున సాగర రాజ్యం స్థావరం ఉన్నాయి. ఆ రెంటి నడుమ మధ్యవాడ. ఇద్దరి యంత్రాలకూ మరమ్మతులు చేసి, గాజు గుమ్మటాల కింద గోంగూర, తోటకూర పండించి ఇద్దరికీ అమ్ముకుని బతికే మూడొందల మంది ఊరు. ఏ దేశపు పటంలోనూ దాని పేరు లేదు.

కుండంలోని మంచును పది వాటాలు చేస్తే ఎనిమిది మావేనని సమాఖ్య, కాదు ఎనిమిదీ మావని రాజ్యం పట్టుబట్టి ఏళ్ళు గడిచాయి. ఈసారి తేలకపోతే ఇద్దరూ గోతి చుట్టూ కాపలా పెడతారు. కుళాయిలు కట్టేస్తారు. మధ్యవాడ మూటాముల్లె సర్దుకుని భూమికి దిగిపోవాలి. చెంచయ్య కూతురు పుట్టిందీ, తోట వేసిందీ ఇక్కడే.

"పదిలో ఎనిమిదీ ఎనిమిదీ ఎట్టా పుడతాయమ్మా తరళా? ఇదేం కూడిక?" అన్నాడు చెంచయ్య, మధ్యవర్తిగా చర్చల గదిలోకి అడుగుపెడుతూ.

"ఇది కూడిక కాదు బాబాయ్, పౌరుషం," అంది డాక్టర్ తరళ పెట్టె మూత తుడుస్తూ.

ఆ పెట్టె ఆమె కట్టినదే. ప్రభుత్వ కాగితాల్లో దాని పేరు గుప్తసంధాన యంత్రం. ఊళ్ళో అందరికీ తువ్వాలు పెట్టె. సంతలో పశువుల బేరగాళ్ళు తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకునేవారని క్యాంటీన్‌లో చెంచయ్య చెప్పిన కబురే దానికి విత్తనం. "నలుగురిలో తగ్గితే పరువు తక్కువ తల్లీ. తువ్వాలు కింద తగ్గితే బేరం," అన్న అతని మాట ఆమెకు నిద్ర పట్టనివ్వలేదు. దేశాలకూ అంతే కదా అనుకుంది.

పెట్టెకు రెండు వైపులా రెండు కంతలు. ఒక్కో కంతలో మెత్తని కృత్రిమ హస్తం. దూత లోపలికి చెయ్యి పెట్టి దాని వేళ్ళు పట్టుకుంటాడు. ఎన్ని వేళ్ళు నొక్కితే అన్ని వాటాలు అడిగినట్టు. ఆ హస్తం చర్మమంతా స్పర్శగ్రాహకాలు. సూక్ష్మమైన సెన్సర్లు నాడినీ, చెమటనీ, కండరాల బిగువునీ చదువుతాయి. మనసులో లేని అంకె నొక్కితే హస్తం నొప్పించకుండా పట్టు వదిలేస్తుంది. మనసులో ఉన్న కడపటి మాట నొక్కితే గట్టిగా పట్టుకుంటుంది. రెండు మాటలూ కలిస్తే ఫలితం చెబుతుంది. కలవకపోతే అంతా చెరిపేస్తుంది. ఎవరెంత తగ్గారో పెట్టె కట్టిన తరళకు కూడా తెలియదు. మనిషి అబద్ధాన్ని ఇంత మర్యాదగా తోసిపుచ్చే వస్తువును చెంచయ్య తన వర్తక జీవితంలో చూడలేదు.

సమాఖ్య దూత ఎల్దానా, రాజ్యపు దూత మరేకో వచ్చి ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా కూర్చున్నారు. ఇద్దరి చెవుల్లోనూ చెవిదుబాసీలు, అంటే ఏ భాషనైనా అప్పటికప్పుడు మార్చి వినిపించే గింజంత యంత్రాలు.

"మీ గోంగూర పోయిన వారం వాడిపోయి వచ్చింది," అన్నాడు మరేకో.

"అవతలి గట్టు వాళ్ళకి తాజాది పోయిందేమోనని మీ అనుమానం. వాళ్ళకీ వాడిందే పంపించా. నా దగ్గర పక్షపాతం లేదయ్యా," అన్నాడు చెంచయ్య. ఎల్దానా పెదవి చివర కదిలింది.

చెంచయ్య పెట్టె మీద తువ్వాలు పరిచి వేళ్ళ లెక్క నేర్పాడు. ఒక వేలంటే ఒక వాటా. గుప్పెడంటే అయిదు. మళ్ళీ పట్టుకుంటే ఆ పైవి. చెబుతూ చెబుతూ అలవాటు కొద్దీ తాత నేర్పిన పాఠం మొత్తం అప్పజెప్పేశాడు. "ఆఖర్న చిటికెన వేలు మడిస్తే, ఆ వాటా మధ్యవాడికి."

సంతలో మధ్యవాడంటే బ్రోకరు. బేరం తెగాక అతని కష్టానికి ఒక వేలు మడవడం అక్కడి ఆచారం. తరళ ఆ గుర్తు పెట్టెకు నేర్పలేదు. అన్నాక చెంచయ్య నాలుక కరుచుకున్నాడు గాని, సరిదిద్దేలోగా తువ్వాలు కింద చేతులు దూరాయి.

మరేకో నుదుటి మీద చెమట పట్టింది. ఎల్దానా చూపు తువ్వాలు అంచు మీదే నిలిచిపోయింది. ఉన్నట్టుండి పెట్టె మీద ఎర్ర దీపం వెలిగింది.

"తెలియని గుర్తు," అంది పెట్టె తరళ చెవిలో. "ఇద్దరి నాడీ దొంగతనం చేసేవారి నాడిలా ఉంది. ఏదో దాస్తున్నారు."

తరళ ఆపే మీట వైపు చెయ్యి చాచి, చెంచయ్య చెవిలో గొణిగింది. "బాబాయ్, మోసం జరుగుతోంది. ఇద్దరూ! ఆపెయ్యాలి."

ఆపితే కుళాయి ఆగుతుంది. చెంచయ్య ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "దొంగని పట్టుకునే ముందు ఏం దొంగిలించాడో అడగాల తల్లీ. పెట్టెనే అడగమను. ఎవరి చెవిలో వాళ్ళకి, గుట్టుగా."

పెట్టె అడిగింది. దూతలు పెదవులు కదిపీ కదపనట్టు జవాబు చెప్పారు. ఎర్ర దీపం ఆరి పచ్చది వెలిగింది. ఫలితం తరళ చేతిలోని పలక మీద పడింది.

"చెరి నాలుగు వాటాలు. మిగిలిన రెండు మధ్యవాడకి. షరతు ఇద్దరిదీ ఒకటే: నేను ఇచ్చినట్టు అవతలివారికి గాని మా దేశంలో గాని తెలియకూడదు."

తరళ రెండుసార్లు చదివి, చెంచయ్యను గది బయటికి తీసుకెళ్ళింది. "మధ్యవాడకా! నువ్వన్నది మధ్యవాడికి కదా బాబాయ్?"

"ఆ దుబాసీ ముండాకొడుక్కి మన ఊరి పేరు తెలుసు గాని సంతలో మాట యాడ తెలుస్తుంది?" అన్నాడు చెంచయ్య. దుబాసీ పొరబడింది, నిజమే. కాని వేలు మడవమని వాళ్ళను ఎవరూ అడగలేదు. మడవకుండా ఉండాల్సింది. ఇద్దరూ తమ అయిదులో ఒకటి మడిచారు.

"దీన్ని అబద్ధాలు పట్టుకోవడానికి కదా కట్టాను," అంది తరళ మెల్లగా. "తమ వాటా నొక్కినంతసేపూ ఎర్ర దీపం వెలగలేదు. పక్కవాడికి ఇచ్చేటప్పుడు వాళ్ళ నాడి అదిరింది."

"మరి ఒప్పందంలో ఎట్టా రాస్తావు?"

"అదే తెలియడం లేదు. రాస్తే ఇద్దరూ బయటపడతారు."

"తరుగని రాయమ్మా. బస్తా తూకంలో తరుగు పోదా? మంచు ఆవిరైపోదా? ఆ ఆవిరే మన కుళాయిలో పడుద్ది."

అలాగే రాశారు: చెరి సగం, ఆవిరి తరుగు పోను. మరేకో ఆ మాట చదివి, ఎల్దానా గమనించలేదు కదా అని ఓరగా చూసి, సంతకం పెట్టాడు. ఎల్దానా కూడా అదే చూపు చూసి సంతకం పెట్టింది. కాసేపటికి రెండు గట్ల తెరల మీదా రెండు ముఖాలు గర్జించాయి. "ఒక్క చుక్క వదలలేదు!" అని ఈ దూత, "చుక్క కూడా పోనివ్వలేదు!" అని ఆ దూత.

"అబ్బ, ఏం మనుషులమ్మా!" అన్నాడు చెంచయ్య మనస్ఫూర్తిగా.

ఇంటికొచ్చి కుళాయి తిప్పాడు. ధార నిండుగా పడింది. తోటకు నీళ్ళు మళ్ళేలా మడవ కట్టి, గట్టు మీద కూర్చుని లెక్క చూసుకున్నాడు. తువ్వాలు పెట్టెకే ఉండిపోయింది. ముందు ముందు ఇంకా చాలా బేరాలున్నాయని తరళ తిరిగివ్వలేదు. ఇక 'మధ్యవాడికి' అన్న మాటలో పోయింది ఒక్క గుడి, 'డి' మీదిది. అది పోయినందుకు వచ్చింది ఊరు.