తార్నాక గల్లీలో మేరీ

తార్నాకలో యూనివర్సిటీ గోడకు ఆనుకుని ఒక గల్లీ ఉంది. ఆ గల్లీ చివర భారతమ్మగారి మేడ. పక్కనే, అదే ప్రహరీలో, తాళం పడిన పాత పెంకుటిల్లు.

ఆ పెంకుటింటికి చెడ్డపేరు ఉంది. ఎంత చెడ్డపేరంటే, శాంసన్ అనే కుర్రాడు నెలల తరబడి దాని ముందునుంచి ఊపిరి బిగబట్టి నడిచాడు. గల్లీలో మిగతావాళ్ళు మాత్రం దాని అరుగు మీదే కూచుని చిక్కుడుకాయలు ఒలుచుకునేవాళ్ళు... అదేమిటని అప్పుడే అడక్కండి. నేను విన్న వరసలోనే చెప్పనివ్వండి.

శాంసన్‌ది బాపట్ల దగ్గర పల్లెటూరు. ఎం.కాం.లో సీటొచ్చింది, హాస్టల్లో గది రాలేదు. భారతమ్మగారి మేడమీది గదిలో, నరహరి అనే జనగామ కుర్రాడికి జతగా దిగాడు. దిగిన సాయంత్రమే, మెట్ల మీద కూచున్న భారతమ్మగారు నోట్లో పాన్‌ను ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చి, పెంకుటింటి వైపు గడ్డం చూపించింది.

"పైలం కొడుకా. గాడ మేరీ ఉన్నది. చీకట్ల అటు దిక్కు పోకు."

శాంసన్ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

మేరీ... వాళ్ళక్క పేరు. అమ్మ పొలానికి పోతే వాణ్ణి చంకనేసుకుని తిప్పిన అక్క. వాడు ఇంకా బళ్ళో చదివే రోజుల్లోనే జ్వరమొచ్చి చనిపోయింది. ఆ పేరు ఎవరి నోట విన్నా, వాడి చెవి ముందే అటు తిరుగుతుంది.

పైకెళ్ళి నరహరిని అడిగాడు. "బ్రదర్, కింద పెంకుటింట్లో మేరీ ఉందంట. ఎవరామె?"

నరహరి వాడి మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. తలుపు దగ్గరికేశాడు. గొంతు తగ్గించాడు.

"ఎవరు చెప్పిండ్రు నీకు?"

"భారతమ్మగారు."

"ఆమెనే చెప్పిందా...! అయితే ఇగ దాచేటందుకేమున్నది."

అంతే. ఇంకో ముక్క చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ రాత్రి శాంసన్‌కు కొంచెమైనా నిద్ర పట్టేది.

మర్నాడు ధైర్యం చేసి భారతమ్మగారినే కదిలించాడు. ఆవిడ నోట్లో పాన్ ఆడుతూనే ఉంది.

"మేరీ ఎప్పట్నుంచి ఉందండీ అక్కడ?"

"నేను కోడలిగ వచ్చినప్పటి సంది ఉన్నది."

"బయటికి... వస్తుందా?"

"వానలు గట్టిగ కొడితే వస్తది. పోయినేడు ఇంట్లకే వచ్చింది కొడుకా — వంటింటి దాంక."

"అమ్మో! మీరేం చేశారండీ?"

"ఏం జేస్తం? ఫినాయిల్ పోసి కడిగినం."

మా వైపు ప్రార్థన పెట్టిస్తారు, ఈ వైపు ఫినాయిల్ పోస్తారు కాబోలు అనుకున్నాడు శాంసన్. ఏ ఊరి పద్ధతి ఆ ఊరిది.

కొన్నాళ్ళకు నరహరి ఒక సాయంత్రం మొహం వేలాడేసుకుని గదికొచ్చాడు. "నిన్న గేటు కాడ... నా పేరు పెట్టి పిలిచిందిరా."

ఆ రోజు నుంచి శాంసన్ నరహరిని ఒంటరిగా రానిచ్చేవాడు కాదు. లైబ్రరీ మెట్ల దగ్గర వాడి కోసం కాచుకుని, ఇద్దరూ కలిసే వచ్చేవాళ్ళు. పెంకుటిల్లు దగ్గర పడుతుండగా శాంసన్ నెమ్మదిగా ఆ గోడవైపుకు జరిగేవాడు. నరహరిని ఇవతలికి నెట్టేవాడు. పెదవుల కింద కీర్తన చదువుకుంటూ, తనకు చెమటలు పడుతున్నా, వాడిని దాటించేవాడు. ఇంత పెద్ద ఊళ్ళో వాడికున్నది ఒక్క నరహరే మరి.

ఒక రాత్రి దీపం ఆర్పాక, సొంత ఊళ్ళో కూడా ఎవరికీ చెప్పని మాట నరహరికి చెప్పాడు.

"మా అక్క పేరు కూడా మేరీయేరా. ఆ ఇంటి ముందుకొస్తే చచ్చేంత భయం... కానీ ఒక్కసారి కనపడితే బాగుండునని కూడా ఉంటది."

చీకట్లో నరహరి మంచం కిర్రుమంది. ఏదో అనబోయినట్టున్నాడు. "పండుకోరా" అన్నాడు చివరికి. గోడవైపుకు తిరిగాడు.

ఇక అసలు సంగతి.

డిసెంబరు. పొద్దు తొందరగా వాలిపోయింది. లైబ్రరీ మెట్ల దగ్గర శాంసన్ ఎంతసేపు నిలబడ్డా నరహరి రాలేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్. వాడు ఒంటరిగా వెళ్ళిపోయాడేమో... ఆ గేటు ముందునుంచి... శాంసన్ గబగబా నడిచాడు. సీతాఫల్‌మండి వైపు రైలు ఒకటి కూత పెట్టుకుంటూ పోయింది.

గల్లీ మలుపు తిరిగాడు. చీకటి.

ఒక్క ఇంట్లో దీపం లేదు. దీపాలు పోవడం కొత్తకాదు — కానీ నీళ్ళ చప్పుడు కూడా లేదు. ఆ వేళకు గల్లీ అంతా గిన్నెలు తోమే మోతగా ఉంటుంది. ఇవాళ ఒక్క నల్లా పారడం లేదు. ఒక్క బకెట్టు కదలడం లేదు. గల్లీ గల్లీ అంతా ఎవరో నోటిమీద వేలేసి "ష్..." అన్నట్టుంది.

పెంకుటింటి గేటు... బార్లా తెరిచి ఉంది.

లోపలినుంచి ఒక వాసన. ఎన్నో ఏళ్ళుగా వెలుతురు చూడని మట్టి వాసన. ఆ వాసనతో పాటే, మూతపెట్టిన కుండలోంచి వచ్చినట్టు, ఒక గొంతు —

"...మేరీలా ఉన్నది..."

ఇంకో గొంతు, ఇంకా లోతునుంచి.

"జుట్టు లెక్క ఉన్నది... గుంజు... మెల్లగ..."

అప్పుడు —

"నరహరీ... పట్టుకో నరహరీ..."

వాడికి రెండే దారులు. వెనక మెయిన్ రోడ్డు — బస్సులు, మిర్చిబజ్జీల బండి, మనుషులు. ముందు — నరహరి.

పరిగెత్తాడు. వెనక్కి కాదు.

"వాణ్ణొదిలెయ్ అక్కా!" అని అరుచుకుంటూ గేట్లోంచి లోపలికి పడ్డాడు. పడ్డాడంటే నిజంగానే పడ్డాడు — కాలికింద నేల లేదు. నడుంలోతు బురద. నిలదొక్కుకుందామని చెయ్యి చాపితే, చేతికి చుట్టుకుంది... తడిగా, పొడుగ్గా, చిక్కులు చిక్కులుగా...

జుట్టు!

వాడు వేసిన కేకకు క్యాంపస్‌లో కుక్కలు బదులిచ్చాయంటారు.

టార్చి వెలుగు మొహం మీద పడింది. "ఎవల్రా నువ్వు? కొత్త పైపు పలగ్గొడుతవ్!" అంది పక్కనే ఒక గొంతు. గునపం పట్టుకుని గుంటలో నిలబడ్డ పనివాడు, కొమురెల్లి. "మోరీల గీ కానుగచెట్టు వేర్లు దూరి జుట్టు లెక్క అల్లుకున్నయి, తాడేసి గుంజుతున్నం. నడుమ నీదేంది?"

శాంసన్ చేతిలో ఉన్నవి వేర్లే. గట్టుమీద ఆ తాడు రెండో కొస పట్టుకుని, నవ్వు ఆపుకోలేక మెలికలు తిరిగిపోతున్నాడు — నరహరి.

మెట్లమీదనుంచి భారతమ్మగారు కొవ్వొత్తి పట్టుకుని వచ్చింది. పాన్ ఉమ్మేసినట్టుంది, మాట గంట కొట్టినట్టు వినపడింది.

"అయ్యో, గీ పిలగాడు గాడెట్ల పడ్డడు! ఓ నరహరీ, నిన్ను ఇల్లిల్లు తిరిగి చెప్పిరమ్మంటి గద! మోరీ పని ఉన్నది, కరెంటు బందు పెడ్తరు, ఎవ్వరు నీళ్ళు ఇడవొద్దు, గీ దిక్కు రావొద్దని!"

"చెప్పినమ్మా. అందరికి చెప్పిన."

చీకటి డాబాల మీదనుంచి గొంతులు లేచాయి. "మాకు చెప్పిండు." "మాకు రెండుసార్లు చెప్పిండు."

"ఏం పనండీ?" అన్నాడు శాంసన్ గుంటలోంచి.

"మోరీ కొడుకా, మోరీ. మురికినీళ్ళు పొయ్యేది. నువ్వొచ్చిన దినమే చెప్తి గద, గాడ మోరీ ఉన్నది పైలమని."

మోరీ. వాళ్ళ ఊళ్ళో దాన్ని మురుగుకాలవ అంటారు. కోడలిగా వచ్చినప్పటి సంది ఉన్నది... వానలు కొడితే బయటికొస్తది... ఫినాయిల్... ఇన్ని నెలలు కాపురం చేసిన దెయ్యం ఒక్కసారిగా ఆ పైపులోకి జారిపోయింది.

"మరి... మేరీ?"

"మేరీ ఎవరు కొడుకా?"

డాబాలన్నీ గొల్లుమన్నాయి. శాంసన్ కూడా నవ్వబోయాడు. వాడిది నవ్వే స్వభావమే. నవ్వు పెదవి దాకా వచ్చి, పైన నరహరి మొహం చూసి ఆగిపోయింది.

"నీకు మొదటిరోజే తెలుసు."

"ఉత్తగ మజాక్ రా భై. మేరీ అని నువ్వే అన్నవ్, నేననలే. నీకు గూడ చెప్తే ఇగ మజా ఏముంటది?"

"సరే. మొదటిరోజు మజాక్. మా అక్క సంగతి చెప్పిన రోజు?"

నరహరి చేతిలో తాడు జారిపోయింది.

"చెప్దామనే అనుకున్న... అప్పటికే శాన దూరం పోయిందిరా. చెప్తే నువ్వేమనుకుంటవో అని..."

"నీకేమన్నా అవుద్దని రోజూ ఆ గోడ పక్కన నేను నడిచాను. నువ్వు నా పక్కన నవ్వుకుంటా నడిచావు."

డాబాల మీద నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఎవరో పిల్లను "లోపలికి నడువ్" అని కసిరారు.

నరహరి గట్టుమీద మోకాళ్ళూని, గుంటలోకి వంగాడు. గొంతు గుసగుసగా మారింది. ఈసారి నటన కాదు.

"నడువ్ రా, పైకి పోదాం. ఇగో... చెయ్యిస్తున్న."

శాంసన్ ఆ చేతిని చూశాడు.

"ఇచ్చావుగా. గల్లీ అంతా చూస్తుండగా ఇచ్చావు."

పక్కకు తిరిగి, "అన్నా, కొంచెం పైకి లేపుతావా" అంటూ కొమురెల్లి బురదచెయ్యి పట్టుకున్నాడు.