జైలరు గారి మొదటి మెసేజ్

శనివారం పొద్దున మంచిర్యాలలో పరశురాములు గారింట్లో పాలు పొంగి పొయ్యంతా పారాయి. పొయ్యి ముందు నిలబడింది కూతురు వందనే. కానీ నిలబడ్డది ఒళ్లే, కళ్లు మాత్రం ఫోన్లో ఉన్నాయి.

"పాలు సూడమని నిలవెడితే నువ్వు గా డబ్బల మొకం వెడితివా! పెండ్లి మాటెత్తితే టైం లేదంటవు. గా ఫోన్‌తోనే మూడు ముళ్లు వేయించుకో, ఓ పనైపోతది!" అంటూ భూమవ్వ పరుగున వచ్చి పొయ్యి ఆర్పింది.

"అవ్వా, రేపే మా మీటింగు! ఉట్నూర్ వాళ్లు జీపు మాట్లాడుకున్నరంట. కరీంనగర్ వాళ్లు మొదటి బస్సుకే ఎక్కుతరంట. ఎంతమంది వస్తుండ్రో తెల్సా నీకు?"

"తెల్వకపోతే గీ మక్కకంకులన్ని ఎవలకోసం ఒలుస్తున్ననే? గారెలు నీ ఫోను చేస్తదా?"

కసురుకుంది గానీ, కూతురి మొహంలో వెలుగు చూసి భూమవ్వకు లోపల్లోపల సంబరంగానే ఉంది. వందన ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్. చేరిన కొత్తలో రోజూ మొహం వేలాడేసుకుని వచ్చేది. కాలేజీలో లెక్కల మాస్టారుకు తోడుగా ఇంకో లెక్కల మాస్టారు ఉంటాడు. లైబ్రేరియన్‌కు తోడు ఎవరుంటారు? చెదలు పట్టినా, కంప్యూటరు మొరాయించినా అడగడానికి మనిషి లేడు. అలాంటి రోజుల్లో ఒక శిక్షణలో పరిచయమైన ఆదిలాబాద్ లైబ్రేరియన్ ముజాహిద్‌తో కలిసి వాట్సాప్‌లో గ్రూపు పెట్టింది. 'పుస్తకాల చుట్టాలు' అని పేరు కూడా తనే పెట్టింది. పిడికెడు మందితో మొదలైన ఆ గ్రూపులో ఇప్పుడు ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల లైబ్రేరియన్లంతా ఉన్నారు. నిర్మల్‌లో దొరకని పుస్తకం జగిత్యాల నుంచి బస్సెక్కి వస్తోంది. ఊళ్లో వాళ్లంతా చూడటానికి ఫేస్‌బుక్ పేజీ కూడా తెరిచారు. ఇన్నాళ్లూ ఫోన్లలోనే పలకరించుకున్న ఆ చుట్టాలు రేపు మొదటిసారి వందన కాలేజీ లైబ్రరీలో కలుసుకోబోతున్నారు.

సభకు పెద్దమనిషి పరశురాములు గారే. ఆయన ఉద్యోగమంతా గ్రంథాలయాల్లోనే గడిచింది. రిటైరయ్యాక ఆ ఊసు ఎత్తేవాడు కాదు. "నేనేం మాట్లాడుత బిడ్డా" అని మొదట తప్పించుకున్నాడు గానీ, తర్వాత క్షవరం చేయించుకొచ్చాడు, కళ్లజోడుకు కొత్త తాడు కట్టించాడు. ఇప్పుడు వరండాలో కూర్చుని రేపటి తెల్లచొక్కాకు తనే ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

వందన ఫోను పట్టుకుని వరండాలోకి ఉరికింది.

"బాపూ, ఇది చూడు! పొద్దున్నే మా పేజీల పెట్టిన. లైకులు ఆగుతలేవు!"

ఫోటోలో ఒక ఇనుప బీరువా ఉంది. దానికి గుమ్మడికాయంత తాళం. తలుపు మీద ఎర్ర రంగుతో 'అనుమతి లేనిదే ముట్టరాదు' అని రాసి ఉంది. కింద వందన రాసిన మాటలు: 'పుస్తకాల జైలు! జైలరు ఎవరో చెప్పుకోండి చూద్దాం!'

"కింద ఏం రాసిండ్రో విను బాపూ. 'ఖైదీలు పారిపోతరని జైలరుకు నిద్ర పట్టదేమో' అంటుండు ఒకాయన. మా ముజాహిద్ అన్న అయితే, 'పుస్తకాలకు జల్ది బెయిల్ ఇప్పియ్యుండ్రి' అని పెట్టిండు!" వందనకు నవ్వాగలేదు. కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది.

పరశురాములు నవ్వలేదు. ఇస్త్రీ పెట్టె స్విచ్చి ఆపి, ఫోను అందుకుని, కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు.

"గీ ఎర్ర రంగు నేనే పూసిన బిడ్డా," అన్నాడు మెల్లగా. "గా జైలరు నేనే."

తండ్రి పరాచికమాడుతున్నాడనుకుంది వందన. ఆయన మొహం చూశాక ఆమె నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"ఉట్నూర్ అవతల, అడివి పక్కన ఊరు. నా మొదటి పోస్టింగు. నువ్వింకా పుట్టలే."

"నాకు తెల్వది బాపూ! సృజన అని గా ఊరి లైబ్రరీల కొత్తగా చేరినామె గ్రూపుల పెట్టింది. ఇప్పుడే తీసేస్త."

"తీసేస్తే నవ్వినోళ్ల నవ్వు వాపస్ వస్తదా?"

ఆ మాట వందనకు సూదిలా గుచ్చుకుంది. తప్పు తనదే అని తెలుసు. తెలిసిన కొద్దీ రోషం వచ్చింది, మనుషులం కదా! ఎప్పటినుంచో గొంతులో అడ్డుపడి ఉన్న మాట అప్పుడే బయటికొచ్చింది.

"అయినా తాళం ఎందుకేసినవ్ బాపూ? చదువుకునేటోళ్ల కోసం పెట్టిన పుస్తకాలేనాయె! నా చిన్నప్పుడు ఒక్కటన్న ఇంటికి తెచ్చినవా? 'మీ బాపు లైబ్రేరియన్, నీకేం తక్కువే' అనెటోళ్లు నా దోస్తులు. నేను వాళ్లిండ్లల్ల అడుక్కొని చదివిన. ఎన్నిసార్లు ఏడ్చిన్నో నీకు తెల్సా?"

"వందనా!" అని గుమ్మంలోంచి భూమవ్వ కేకేసింది. చేతిలో సగం ఒలిచిన కంకి అలాగే ఉంది.

"అననియ్యి. అడగాల్సిన మాటే అడిగింది." పరశురాములు భూమవ్వను చేత్తో వారించాడు. "నేను గూడ మొదట్ల బార్లా తెరిచే పెట్టిన బిడ్డా. పిల్లలు గుంపులు గుంపులు వస్తుండ్రి. నాకు మస్తు ఖుషీ అయితుండె. ఏడాది తిరిగేసరికి లెక్క చూడనీకి పై నుంచి సారు వచ్చిండు. పుస్తకాలు తక్కువ పడ్డయి. పేపరు చదువుకునే మందందరి ముంగట నన్ను నిలవెట్టి, 'ఎవలకు అమ్ముకున్నవ్ రా' అని అడిగిండు. జీతంల పట్టుకున్నరు, అది పోనీ. గా మాట మాత్రం నా చెవులకెల్లి పోలే. నువ్వు కడుపుల, మీ అవ్వ గప్పుడు నీళ్లాడ దినాలల్ల ఉండె. ఆమెకు గూడ చెప్పలే. ఆ వారం అంగడిల గీ తాళం కొన్న."

భూమవ్వ అక్కడే గడప మీద కూలబడింది. ఇన్నేళ్ల కాపురంలో ఆ సంగతి ఆమె వినడం ఇదే మొదలు.

"ఎవలనన్న అడుగుదామంటే ఎవలున్నరు? ఊరికొక్క లైబ్రరీ, లైబ్రరీకి ఒక్కన్ని. పక్క ఊళ్ల లైబ్రేరియన్ మొకం గూడ నేనెరుగ. 'పుస్తకం పోతే నువ్వేం చేస్తవే అన్నా' అని ఒక్కల్ని అడిగే దిక్కుంటే నేను తాళం వేయకపోదును." ఆయన ఫోను వెనక్కి ఇస్తూ ఆగాడు. "గా సృజన బిడ్డ ఉత్త ఫోటోనే పెట్టిందా, ఏమన్న అడిగిందా?"

వందన గ్రూపు తెరిచి చూసింది. ఫోటో కింద సృజన రాసిన మాటలున్నాయి. పొద్దున హడావిడిలో వాటిని చూసీ చూడనట్టు వదిలేసి, ఫోటో ఒక్కటే తీసి పేజీలో పెట్టింది. 'తాళంచెవి నా దగ్గరే ఉంది మేడం. తీయాలంటే భయమైతుంది. పుస్తకం పోతే నన్నే అంటరు. నేనేం చెయ్యాలె?'

వందన పైకే చదివింది.

"నేను అడగలేకపోయిన. ఆమె అడిగింది," అన్నాడు పరశురాములు. "మీరు నవ్విండ్రు."

సగం ఇస్త్రీ అయిన చొక్కాను మడిచి పక్కన పెట్టాడు. "రేపు నేను రాను బిడ్డా. మీరు కానియ్యుండ్రి."

వంటింట్లోకి వచ్చి వందన వెక్కి వెక్కి ఏడ్చింది. ఇన్నాళ్లు ఎవరి కోసం గ్రూపు పెట్టాననుకుందో, అలా ఒంటరిగా దిక్కుతోచక ఉన్న మనిషి తన ఇంట్లోనే ఉన్నాడు. ఆయన్నే నలుగురి మధ్యా నిలబెట్టి నవ్వులపాలు చేసింది. అప్పుడా సారు చేసిన పనికీ, ఇప్పుడు తను చేసిన పనికీ తేడా ఏముంది?

భూమవ్వ ఆమె పక్కన కూర్చుని తల నిమిరింది. "ముండ్లకంప మీద పడ్డ బట్ట బిడ్డా ఇది. గుంజితే చినుగుతది. ఒక్కొక్క ముల్లు తియ్యాలె. మొదలు నువ్వు పెట్టిన ముల్లు తియ్యి."

వందన కళ్లు తుడుచుకుంది. ముందుగా పేజీలోంచి ఫోటో తీసేసింది. ఆ తర్వాత గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టింది.

"అందరికి నమస్తే. జైలరు ఎవరని పొద్దున అడిగిన కదా, జవాబు చెప్తున్న. మా బాపు. పుస్తకాలు పోతే అందరి ముంగట నిలవెట్టి దొంగ అన్నరు, అందుకే తాళం వేసిండు. సృజన గూడ అదే భయంతోని మనల్ని అడిగింది. మనలో ఒక్కరం గూడ జవాబు చెప్పలే. మొదటి తప్పు నాదే. మాఫ్ చెయ్ సృజనా. మీ దగ్గర తాళం వేసిన బీరువాలుంటే ఫోటోలు పెట్టుండ్రి. ఈసారి నవ్వనీకి కాదు."

ఎప్పుడూ గలగలలాడే గ్రూపు ఒక్కసారిగా మూగబోయింది. అందరూ విన్నట్టు గుర్తు కనిపిస్తోంది. ఇక రేపు మీటింగూ లేదు, గ్రూపూ లేదు అనుకుంది వందన.

అప్పుడు ముజాహిద్ నుంచి ఒక ఫోటో వచ్చింది. రెండు బీరువాలు, రెండు తాళాలు. కింద ఇలా రాశాడు: 'బెహెన్, బెయిల్ ఇప్పియ్యమని రాసిన నేనే పెద్ద జైలర్‌ను. తాళంచెవులు రోజూ ఇంటికి పట్టుకపోత. ఎవరికీ చెప్పలే. బాపుకు నా సలాం చెప్పు.'

ఇక చూడాలి! తాళాల వాన కురిసింది. ఇత్తడి తాళాలు, తుప్పు పట్టిన తాళాలు, సైకిలు గొలుసుతో కట్టేసిన బీరువా ఒకటి. పొద్దున పడీపడీ నవ్విన వాళ్లంతా జైలర్లే! "అవ్వా, ఇది చూడు! అవ్వా, ఇంకోటి!" అని వందన ఏడుస్తూనే నవ్వుతోంది, నవ్వుతూనే ఏడుస్తోంది. భూమవ్వ మక్కలు రుబ్బడం మానేసి కూతురి భుజం మీదుగా తొంగి చూస్తోంది.

ఇంతలో కరీంనగర్ నుంచి శ్యాంసుందర్ గారి వాయిస్ వచ్చింది. ఆయనా రిటైరైన లైబ్రేరియనే.

"జర పెద్దగ పెట్టు," అంటూ భూమవ్వ ఫోను లాక్కుని, వరండా వైపు కిటికీలో పెట్టింది.

"పరశురాములన్నా, నేను కరీంనగర్ శ్యాంసుందర్ను. నన్ను గూడ గట్లనే నిలవెట్టి అడిగిండ్రే అన్నా. ఇంట్ల గూడ చెప్పుకోలే. ఇన్నేండ్లు నాకొక్కనికే అయింది అనుకున్న. రేపు నువ్వొస్తెనే నేనొస్త. ఇద్దరం పక్కపక్కన కూసుందాం."

తల్లీకూతుళ్లు కిటికీకి చెవి ఆనించారు. చాలాసేపటికి కిటికీ అవతల నుంచి పరశురాములు గొంతు వినిపించింది.

"గా మాట మల్లొక్కసారి పెట్టు బిడ్డా."

ఆదివారం కాలేజీ లైబ్రరీలో పెళ్లింటి సందడే! ఫోన్లో పువ్వు బొమ్మ పెట్టుకున్నావిడ తానెవరో చెప్పగానే, "గా చామంతిపువ్వు నువ్వేనా అక్కా!" అని చుట్టూ మూగారు. ఉట్నూర్ జీపు దిగిన వాళ్లను కరీంనగర్ వాళ్లు ఎదురెళ్లి కావలించుకున్నారు. భూమవ్వ గారెల గంప గుమ్మం దాటకముందే సగం ఖాళీ అయింది. ఆమె వెనకాలే పరశురాములు వచ్చాడు. చొక్కా ఒక చెయ్యి ఇస్త్రీతో ఉంది, ఇంకో చెయ్యి ముడతలతో ఉంది. శ్యాంసుందర్ లేచి పక్క కుర్చీ చూపించాడు. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు.

మాట్లాడమని వందన మైకు ఇస్తే పరశురాములు వద్దన్నాడు.

"నన్ను మొదలు గా గ్రూపుల కలుపు."

ముజాహిద్ కలిపాడు. ఆయన ఒక్క వేలితో అక్షరం వెతికి అక్షరం నొక్కుతుంటే సభంతా ఓపిగ్గా చూసింది. ఒక్కసారిగా హాల్లో ఫోన్లన్నీ మోగాయి.

'పుస్తకం పోతే మీరేం చేస్తరు?'

అందరూ తలలు వంచుకుని రాయడం మొదలుపెట్టారు. పరశురాములు చేతిలోని ఫోను ఆగకుండా వణికింది. వందన పక్కన కూర్చుని ఒక్కొక్కటీ చదివి వినిపించింది. 'వాళ్లింటికి పోయి చాయ్ తాగి అడుగుత సారూ.' 'మా దగ్గర పోయింది రెండేండ్లకు బస్సుల వాపస్ వచ్చింది.' 'మొదట్ల ఏడుస్త. తర్వాత ఎవలో చదువుతుండ్రులే అనుకుంట.' ముజాహిద్ రాసింది ఆమె రెండుసార్లు చదివింది. 'ఇగ ఎవల్నన్న ఒక్కల్ని నిలవెట్టి అడిగితే, పక్కన అందరం పోయి నిలవడుతం.'

పరశురాములు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంతమంది ఉన్నరా," అన్నాడు.

అప్పుడు వెనక వరుసలోంచి సృజన లేచి వచ్చి, సంచిలోంచి ఒక బొమ్మల కథల పుస్తకం తీసింది. "సారూ, నిన్న అందరి తాళాలు చూసినంక ధైర్యం చేసి బీరువా తీసిన. పుస్తకాలు పదిలంగ ఉన్నయి. ఇది నా పేరు మీద రాసుకొని తెచ్చిన. మొదలు ఎవలకియ్యాలనో మీరే చెప్పుండ్రి."

ఆయన పుస్తకాన్ని రెండు చేతులా అందుకుని, అట్ట మీది దుమ్ము తుడిచి, వందన ఒళ్లో పెట్టాడు.

"నీ చిన్నప్పుడే తేవాల్సింది బిడ్డా. జర ఆలస్యమైంది."

వందన పుస్తకాన్ని గుండెకు హత్తుకుని తండ్రి భుజం మీద తల వాల్చేసింది. కన్నీళ్లు ఆగలేదు.

"పాలే పొంగిచ్చే పిల్ల, దీని చేతికిస్తే పుస్తకం ఉంటదా?" అని భూమవ్వ కొంగుతో కళ్లొత్తుకుంటూ దెప్పింది. "పోతే ఎట్ల?"

పరశురాములు చాలా ఏళ్ల తర్వాత గట్టిగా నవ్వాడు.

"పోతే గ్రూపుల అడుగుదాం తియ్యి," అన్నాడు.